గొంతులో గుండ్రటి చీకటి

నన్ను చీకటి గదిలో మూడు గంటలు పండబెట్టి, నరంలోకి నిప్పు ఎక్కించి, గొంతు లోపల ఏముండాదో తెర మీద చూసినారని ఉదయగిరి బస్టాండులో కనీసం యాభై మందికి చెప్పినాను. అందులో నిప్పు అబద్ధం. ఎక్కేటప్పుడు అది కుండనీళ్ళ మాదిరి చల్లగా ఉండింది. గదిలో ట్యూబులైట్లు వెలగతానే ఉండాయి. మూడు గంటలూ పండుకోలేదు. ఇరవై నిమిషాలు ఒకసారి, రెండు గంటలాగి ఇంకోసారి. తెర మీద కనపడిందాన్ని మాత్రం ఆ దినానికి నేను పెంచలేదు. పెంచడానికి అందులో సందు దొరకలేదు.

ముందు నా గొంతు సంగతి చెప్పాల. ముప్పై నాలుగేళ్ళు ఉదయగిరి, ఆత్మకూరు పక్క తిరిగే బస్సుల్లో కండక్టరుగా చేసినాను. నేను ఆత్మకూరులో కేకేస్తే కలిగిరిలో దిగాల్సినోళ్ళు మూటలు సర్దుకునేవాళ్ళని చెప్పుకునేవాణ్ణి. నిజానికి చివరి సీటు దాకా వినపడేది, అంతే. అయితే కిటికీ రేకులు దడదడలాడే ఆ బస్సుల్లో చివరి సీటు దాకా వినపడడం గూడా చిన్న సంగతి కాదు. రిటైరయినాక ఉదయగిరి కొండ కింద మా ఊర్లో పాతిక గొర్రెల్ని పెట్టుకున్నాను. ఉద్యోగం పోయినా గొంతు ఉండాది గదా. పొద్దున మందని తోలేటప్పుడు ఒక కూత, సాయంత్రం బస్టాండు టీకొట్టు కాడ నాలుగు కతలు. నాకు దాంతోనే జరిగిపోయేది.

ఆ గొంతు నాది కాదని మా అవ్వ చెప్పింది.

నాకు ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి మాట పడిపోయింది. మూడు నెల్లు సైగలతోనే అన్నం అడిగినాను. మా అవ్వ పెన్న ఒడ్డుకి పోయి, చేపలు పట్టేవాళ్ళ కాడ వలకి కట్టే సీసం గుండు ఒకటి అడిగి తెచ్చింది. దాన్ని బండ మీద పెట్టి రూపాయి బిళ్ళంత అయ్యేదాకా సాగగొట్టి, బెజ్జం వేసి, నల్లదారంతో నా గొంతు గుంతలో ఆనేటట్టు కట్టింది. మా ఇంట్లో గొంతు వాచిన గొర్రెకి గూడా అదే కడతారు. ఏడో దినం మాటొచ్చింది. పోయింది సన్న గొంతు, వచ్చింది పెద్దమనిషి గొంతు అని నేను చెబతా ఉంటాను. దాంట్లో మా అమ్మ చెప్పింది సగం, నేను కలిపింది సగం. అవ్వ చెప్పిన మాట మాత్రం కలిపింది కాదు. ఒక మధ్యాహ్నం నా తలకి నూనె పెడతా చెప్పింది.

"ఇది నీ గొంతు కాదురా అబ్బయ్యా. అడిగి తెచ్చినాను. బిళ్ళ తీసిన దినం ఎవరిది వాళ్ళకి పోతాది."

ఎవర్ని అడిగినావని ఎన్నిసార్లు అడిగినా నూనె పెట్టడం ఆపలేదు, బదులూ చెప్పలేదు. ఆమె పోయింది. దారం పాతబడినప్పుడల్లా కొత్త దారం కట్టినాకే పాతది తెంచేవాణ్ణి, బిళ్ళ ఒక్క రవ్వ సేపు గూడా ఒంటిని ఇడవకుండా. అరవై ఆరేళ్ళు. రోహిణి కార్తెలో గూడా యూనిఫాం కాలరు గుండీ విప్పలేదు.

ఈ జబ్బు మొదలైనప్పుడు మేమంతా నీళ్ళ మీదికే తోసినాము. ఉదయగిరి పక్క ఎవరికి మోకాలు వంగకపోయినా, నడుం పట్టుకున్నా, నీళ్ళలో ఫ్లోరైడు అంటారు. చానామందికి అది నిజం గూడా. అందుకని నా ఎముకలు నొప్పెట్టినప్పుడు ఎవరూ రెండో మాట అడగలేదు, నేనూ అడగలేదు. రెండేళ్ళు క్యాను నీళ్ళు తెప్పించుకోని తాగినాను. నొప్పి పోలేదు. మూత్రంలో రాళ్ళు పడినాయి. కోడిగుడ్డంత రాయి అని టీకొట్టు కాడ చెప్పినాను గానీ కందిగింజంతే. తర్వాత ఎంత తాగినా తీరని దప్పిక. ఆ తర్వాత మతిమరుపు. మందని తోలుకోని పోయి, తుమ్మచెట్ల కింద, ఎందుకొచ్చినానో తెలీక నిలబడిపోయేవాణ్ణి. ఆత్మకూరులో ఒక డాక్టరు ఎముకల్ని ఇడిచిపెట్టి నెత్తురు చూపించమన్నాడు. అందులో కాల్షియం ఉండాల్సినదానికన్నా చానా ఎక్కువుండాదని చెప్పి నెల్లూరు పంపించినాడు.

నెల్లూరులో ఆపరేషన్ చేసే డాక్టరమ్మ మా కూతురి వయసుది. నన్ను తాతా అని పిలిచింది. గొంతు ముందర థైరాయిడ్ గ్రంథి ఉంటాది, దాని వెనకాల వడ్లగింజంత పారాథైరాయిడ్ గింజలు నాలుగుంటాయి, ఒంట్లో కాల్షియం అనే సున్నం ఎంతుండాలో చూసుకునేది అవే, మీకు వాటిలో ఒకటి లావెక్కింది అని బొమ్మ గీసి చూపించింది. ఆ ఒక్కటి నా ఎముకల్లో సున్నాన్ని పిండి నెత్తుర్లోకి పోస్తా ఉండాదంట. గర్భిణీలకి చేసే మాదిరి స్కాన్ ఒకటి గొంతు మీద చేసినారు గానీ అందులో ఏదీ తేలలేదు.

"ఏ గింజో ముందే తెలిస్తే రెండు వేళ్ళ వెడల్పు గాటు చాలు తాతా. తెలియకపోతే రెండు పక్కలా తెరిచి వెతకాలి. మాట తెచ్చే నరం ఆ గింజల పక్కనే పోతుంది. వెతికేకొద్దీ దానికి దెబ్బ తగిలే భయం ఎక్కువ."

మా ఆమె అడిగింది, దెబ్బ తగిలితే ఏమైతాదని. గొంతు బొంగురు పోవచ్చు, మాట గుసగుసగానే మిగిలిపోవచ్చు అనింది. చాలా అరుదు అని గూడా అనింది. మా చెవులకి ఆ మాట ఎక్కలేదు.

అందుకే ఆ స్కాన్. నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. ఆ మందులోంచి కంటికి కనపడని వెలుగు వస్తా ఉంటాది. మందు గొంతులో చేరినాక, పైనుంచి ఒక పెద్ద పలక ఆ వెలుగుని పట్టుకోని బొమ్మ గీస్తాది. ఒంటి మీద లోహమేదీ ఉండకూడదన్నారు. ఉంగరం, వెండి మొలతాడు, జేబులో తాళంచెవి తీసి మా ఆమె ఒడిలో పోసినాను. బిళ్ళ తీయలేదు. అది నా ఒంట్లో భాగమన్నట్టు అలవాటైపోయి మా ఆమె గూడా అడగలేదు. బాత్రూములోకి పోయి, మందులకొట్లో కొన్న ప్లాస్టరు దాని మీద అంటించినాను. స్కాన్ చేసే ఆమె, నలభై దాటిన మనిషి, కళ్ళజోడు పెట్టుకోని ఉండాది, ఇదేంది పెద్దాయనా అని అడిగింది. సెగ్గడ్డ లేచిందమ్మా, చీము కారతా ఉండాది అన్నాను. మెడలో దారం? ఒట్టి దారమే అన్నాను. చీము అనేసరికి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అది తీసుకుంటాదనే నేను చీము అన్నాను.

పలక నా ముఖం మీదికి దిగింది. ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగింది. శబ్దం లేదు. కదలొద్దని చెప్పి ఆమె అద్దం వెనక్కి పోయింది. పక్కన గోడకి చిన్న తెర ఉండాది, కళ్ళు తిప్పితే కనపడేది. మొదట అంతా నలుపు. ఆ నలుపు మీద ఒక్కొక్క తెల్ల చుక్క వచ్చి పడతా ఉండాది, ఎక్కడినుంచి వస్తా ఉండాదో తెలీకుండా. కాసేపటికి చుక్కలు గుంపులు కట్టినాయి. దవడల కింద రెండు పక్కలా రెండు వెలుగులు, కళ్ళ మాదిరి. అవి నోట్లో ఎంగిలి ఊరే గ్రంథులని తర్వాత చెప్పినారు. వాటి కింద, గొంతు దగ్గర వెలుగు ముద్దగా చేరింది. ఆ ముద్ద నడిమధ్యన ఒక బొక్క. కాంపాసు పెట్టి గీసినట్టు గుండ్రంగా, నల్లగా.

రెండు కళ్ళు, తెరిచిన నోరు. అది నన్నే చూస్తా ఉండాది. నేను ఊపిరి పీల్చినా, బిగబట్టినా ఆ నోరు మూసుకోలేదు.

రెండు గంటల తర్వాత తీసిన రెండో బొమ్మలో వెలుగు సన్నగిల్లింది, బొక్క అట్లనే ఉండాది. స్కాన్ చేసే ఆమె వచ్చి నా ప్లాస్టరు వైపు చూసి, లోపల లోహమేమన్నా ఉందా పెద్దాయనా అని మళ్ళీ అడిగింది. లేదన్నాను. ఇక్కడ మీరు నన్ను తిట్టుకుంటారు. కానీ నేను ఆ బొక్కని బిళ్ళతో కలిపి ఆలోచించలేదు. ఒకసారి మా బస్సులో ఒక పిల్ల రూపాయి మింగితే ఆసుపత్రికి నేనే ఎత్తుకోని పోయినాను. ఎక్స్‌రేలో ఆ రూపాయి తెల్లగా కనపడింది. లోహమంటే తెల్లగా కనపడాల గదా, ఇక్కడ నల్లగా ఉండాది, కాబట్టి ఇది బిళ్ళ కాదు. ఇది లోపలిదే. అవ్వ అడిగి తెచ్చి పెట్టింది ఇక్కడే. నా లెక్క అది.

డాక్టరమ్మ బొమ్మని చానాసేపు చూసింది. ఇట్లాంటిది నేను చూళ్ళేదు తాతా, పుండు మానినాక రెండు వారాలాగి మళ్ళీ తీద్దాం, అప్పుడూ ఇట్లనే ఉంటే తెరిచి వెతకక తప్పదు అనింది.

ఊరికొచ్చి నేను చేసిన మొదటి పని, బొక్క సంగతి అందరికీ చెప్పడం. భయమేసినప్పుడు నేను చేసేది అదే, మొదటినుంచీ. మొదటి దినం బొక్క రూపాయి బిళ్ళంత. మూడో దినానికి దోసకాయంత. వారం తిరిగేసరికి డాక్టర్లు అందులోకి టార్చిలైటు వేస్తే వెలుతురు తిరిగి రాలేదన్నాను. నాతో పనిచేసిన పాత డ్రైవరు ఒకడు టీకొట్టు కాడ నవ్వినాడు.

"ఒరే, లోపల ఏమీ లేకపోతేనే గదరా డోలు మోగేది. ముప్పై ఏళ్ళు నీ పక్కన కూర్చున్నాను, ఇప్పుడా నీకు తెలిసింది?"

అందరూ నవ్వినారు. మర్నాడు మాత్రం నవ్వలేదు. టీకొట్టాయన అందరికీ గాజు గ్లాసులో పోసి నాకు పేపరు కప్పులో పోసినాడు. మాట్లాడతా ఉంటే ఎవరూ నా ముఖంలోకి చూడలేదు, మెడ కిందికి చూసినారు. నేను మాట ఆపినాక గూడా ఇంకేదో వస్తాదన్నట్టు కాసేపు చూస్తా ఉండారు.

అదంతా ఓర్చుకోవచ్చు. మా ఆమె సంగతే ఓర్చుకోలేకపోయినాను. పెళ్ళయిన కాణ్ణించీ నా మాటల్ని కోసేది ఆమే. నేను పది అంటే నలుగురి ముందర రెండు అని సరిచేసేది. బొక్క సంగతి నేను ఎంత పెంచినా ఆమె ఒక్క మాట అడ్డం రాలేదు. బొమ్మ ఆమె గూడా చూసింది. నేను నీళ్ళు తాగేటప్పుడు పక్కనొచ్చి కూర్చోని నా గొంతు దగ్గర చెవి పెట్టేది. ఏందే అది అంటే, ఏం లేదు, తాగు అనేది. నీళ్ళు ఎక్కడికి పోయి పడతాయో వింటా ఉండాదని నాకు తెలుసు. నాకే అన్నం ముద్ద దిగేటప్పుడు మధ్యలో ఒకచోట జారినట్టు, ఒక రవ్వ ఆలస్యంగా కింద పడినట్టు అనిపించేది. నేను కల్పించినదాన్నే నేను మింగతా ఉండాను.

ఆత్మకూరు సంగతి ఆ రెండు వారాల్లోనే జరిగింది. దాన్ని నేను రెండు రకాలుగా చెప్పినాను. మొదటి రకం: మిట్టమధ్యాహ్నం ఆత్మకూరు బస్టాండులో, ఎండలో, తొమ్మిది మంది నా చుట్టూ నిలబడి ఉండారు, అందరి కాళ్ళూ తడిగా ఉండాయి, నేల మీద అడుగులు పడినాయి. ఇది విన్నవాళ్ళు పిల్లలకి గూడా చెప్పినారంట.

జరిగింది ఇది. నెత్తురు పరీక్షకని ఒక్కణ్ణే ఆత్మకూరు పోయినాను. నెత్తురిచ్చినాక ఏం చేసినానో నాకు తెలీదు. తెలివొచ్చేసరికి బస్టాండు చివర, ఏ బస్సూ లేని చోట నిలబడి ఉండాను. గొంతు మండతా ఉండాది, చానాసేపు అరిచినట్టు. ఎదురుగా ఒక ముసలామె, నాకన్నా పెద్దది, సంచి చంకన పెట్టుకోని నిలబడి ఉండాది. ఒక్కతే. కాళ్ళకి చెప్పులుండాయి, పొడిగానే ఉండాయి.

"ఆ బస్సు మళ్ళా ఏసినారా అబ్బయ్యా?" అనింది.

ఏ బస్సు అని అడిగినాను. నువ్వే గదా పిలిచినావు అని ఒక ఊరి పేరు చెప్పింది. ఆ ఊరు పెన్న మీది సోమశిల డ్యామ్ నీళ్ళ కిందకి పోయి నలభై ఏళ్ళు దాటింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దోవన తిరిగినాను. ఆ పేరు, దాని ముందు ఊరు, దాని తర్వాత ఊరు, అన్నీ వరసగా పిలిచినానంట, రైట్ రైట్ అని గూడా అన్నానంట. ఆమెది ఆ ఊరే. డ్యామ్ కట్టినప్పుడు లేపేస్తే ఆత్మకూరు పక్క కాలనీలో ఇల్లు కట్టుకున్నారంట. కూతురింటికి పోదామని బస్సు కోసం కూర్చోని, ఊరి పేరు చెవిన పడితే లేచి వచ్చిందంట.

నెత్తుర్లో సున్నం ఎక్కువైతే మతి ఇట్లనే తిరగతాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. అది నిజమే అయ్యుంటాది. కానీ ఆ ముసలామె పోతా పోతా ఇంకొక మాట అనింది. తడి కాళ్ళ మనుషుల్ని తొమ్మిది మందిని కల్పించి చెప్పినోణ్ణి, ఈ మాట మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"నీ గొంతు మా ఊరోళ్ళ గొంతు మాదిరి ఉండాది. ఎవరి పిల్లోడివి?"

నేను బదులు చెప్పలేదు. చెప్పాలంటే ఆ గొంతుతోనే చెప్పాల గదా.

రెండు వారాలైనాక నెల్లూరు పోయినాము. బాత్రూములో కొత్త ప్లాస్టరు వేసుకున్నాను. సెగ్గడ్డ ఇంకా మానలేదని చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకోని కూర్చున్నాను. స్కాన్ చేసే ఆమె మందు తెచ్చింది. సూదిని ఒక లావాటి డబ్బాలో పెట్టి, రెండు చేతులతో మోసుకోని వచ్చింది. చూస్తే చెంబంత గూడా లేదు, ఆమె మోసే తీరు చూస్తే బిందెడు నీళ్ళు మోసినట్టుండాది. ఊరికే మాట కలపడానికి అడిగినాను, అంత బరువేందమ్మా దాంట్లో అని.

"డబ్బానే బరువు పెద్దాయనా. సీసం. మందులో వెలుగు సీసాన్ని దాటి రాదు. అందుకే దీంట్లో పెడతాం."

నా చెయ్యి దానంతటదే ప్లాస్టరు మీదికి పోయింది.

నా అబద్ధాల్లో ఎన్నో బయటపడినాయి, నవ్వి దులిపేసుకున్నాను. ఇది వేరే. నోరు మూసుకోని కూర్చుంటే ఆ బొక్క మళ్ళీ కనపడతాది, డాక్టరమ్మ గొంతు రెండు పక్కలా తెరిచి వెతకతాది, మాట పోవచ్చు. చెబితే బిళ్ళ తీయాల. తీస్తే అవ్వ మాట. ఎటు చూసినా గొంతే పోతా ఉండాది. ఒకటి డాక్టరు చెప్పిన భయం, ఒకటి మా అవ్వ చెప్పిన భయం. డెబ్బై రెండేళ్ళ మనిషిని, ఏ భయం పెద్దదో తేల్చుకోలేక, ఆ మందు పట్టుకోని నిలబడిన ఆమె ముఖం చూస్తా కూర్చున్నాను.

అమ్మా, సెగ్గడ్డ అబద్ధం అన్నాను. ప్లాస్టరు పీకినాను.

ఆమె బిళ్ళని చూసింది. తిడతాదనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకోని మళ్ళా పెట్టుకుంది. ఈ రెండు వారాలూ ఆ బొమ్మ నాకు కళ్ళల్లోనే ఉంది పెద్దాయనా, ఇంటికి పోయి కళ్ళు మూసుకున్నా ఆ నోరే కనపడింది అనింది. కత్తెర తెస్తానంది. వద్దు, మా ఆమెని పిలవండి అన్నాను. మందు ఇంకా ఎక్కించలేదు కాబట్టి రానిచ్చినారు.

మా ఆమె సంగతంతా వినింది. వంగి, పూలదారం కొరికినట్టు నల్లదారాన్ని పళ్ళతో కొరికి తెంచింది. బిళ్ళ కింద చర్మం తెల్లగా, నీళ్ళలో నానినట్టు ఉండాది. ఎట్లుండాది అని అడిగింది. బాగానే ఉండాది అనబోయినాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

మళ్ళీ ప్రయత్నించినాను. గాలే వచ్చింది. మా ఆమె నా వేషం అనుకోని భుజం మీద కొట్టింది. నా కళ్ళు చూసినాక చెయ్యి అక్కడే ఆగిపోయింది.

స్కాన్ ఆపలేదు. మందు ఎక్కించినారు, మొదటి బొమ్మ తీసినారు, రెండు గంటలు కూర్చోమన్నారు. మందు ఎక్కినవాళ్ళకి వేరే గది. అందులో నలుగురం ఉండాము, ఒకరికొకరం దూరందూరంగా. గర్భిణీల దగ్గరికీ పసిపిల్లల దగ్గరికీ ఈ దినం పోవద్దని గోడ మీద రాసి ఉండాది. అందరి ఒంట్లోనూ వెలుగుండాది, ఎవరిదీ ఎవరికీ కనపడదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడతా ఉండాది, అయినా అవతలి కుర్చీలో మనిషి నా వైపు తిరిగితే నేను కాలరు పైకి లాక్కున్నాను. ఏ ఊరు అని అడిగినాడు. నేను గొంతు చూపించి తల ఊపినాను. అతను చానాసేపు నా గొంతునే చూసినాడు.

రెండు గంటలైనాక మళ్ళీ పండుకున్నాను. పలక దిగింది. బాగున్న గ్రంథి మందుని వదిలేస్తుంది, చెడింది పట్టుకోని ఉంటుంది, అందుకే ఇంతసేపు ఆగేది అని ఆమె చెప్పింది. అది నాకు చెప్పాల్సిన పని లేదు. మా గొర్రెలోళ్ళం మధ్యాహ్నం చెట్ల నీడన మంద పండుకునేదాకా కాచుకోని కూర్చుంటాము. అన్నీ పండుకున్నాక ఏది నిలబడి ఉంటాదో దానికే రోగం. తెర మీద గొంతు మెల్లగా మసకబారింది. నోరు లేదు. అంతా ఆరిపోయినాక ఎడంపక్క, కింద, ఒకే ఒక చుక్క నిలబడి ఉండాది. అది ఆరలేదు.

డాక్టరమ్మ ఆ చుక్కని చూసి, ఇంత చాలు తాతా, చిన్న గాటే అనింది. తర్వాత నా ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతు చూసింది. మాట పలికించే పొరలు రెండూ బాగానే కదలతా ఉండాయంట. మరి మాట ఎందుకు రాలేదో నాకు తెలియదు అనింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. పూర్తి మత్తు ఇవ్వకుండా, గొంతుకి తిమ్మిరి సూది వేసి చేస్తుందంట. నరానికి ఏమీ కాలేదని తెలుసుకోవడానికి మధ్యలో నా చేత మాట్లాడిస్తుందంట. మీరు మాట్లాడకపోతే నాకు తెలిసే దారి లేదు తాతా అనింది.

ఆపరేషన్ దాకా నాలుగు దినాలు గాలే మాట్లాడినాను. మా ఆమె గూడా నాతో గుసగుసగానే మాట్లాడింది, ఎందుకో.

ఆ పొద్దున మళ్ళీ అదే మందు ఎక్కించినారు. కళ్ళ మీద పచ్చగుడ్డ కప్పినారు. గొంతు మొద్దుబారింది. డాక్టరమ్మ పెన్ను లాంటిది ఒకటి నా మెడ మీద పెట్టింది. వెలుగున్న చోట అది మోగతాదంట. టిక్ అనింది. ఆగి ఇంకో టిక్. ఎడంపక్కకి జరిగేకొద్దీ టిక్కులు దగ్గరైనాయి, ఆఖరికి రేకు మీద వాన కురిసినట్టు ఒకటే మోత. నేను మూగగా పండుకోని ఉండాను. నా గొంతు నేను లేకుండానే గదంతా వినపడేటట్టు అరస్తా ఉండాది. ఆ మోతలో ఊరి పేర్లేమన్నా ఉండాయేమోనని చెవులు రిక్కించి విన్నాను. నవ్వుకోండి.

ఏదో లాగినట్టయింది. మోత కదిలింది. నా మెడ మీంచి పక్కన గిన్నెలోకి పోయింది. అక్కడ మోగతా ఉండాది, నా దగ్గర ఏమీ లేదు. పెన్ను మళ్ళీ నా గొంతు మీద పెట్టినారు. ఎప్పుడో ఒక టిక్. అంత నిశ్శబ్దం నా గొంతులో నేనెప్పుడూ వినలేదు.

"తాతా, ఏదైనా మాట్లాడండి."

తిమ్మిరి తగ్గతా ఉండాది. గాటు దగ్గర ఎవరో కారం అద్దినట్టుండాది. నోరు తెరిచినాను. గాలి వచ్చింది. నొప్పిగా ఉండాదా, చెప్పండి తాతా, నొప్పిగా ఉండాదా అని డాక్టరమ్మ గొంతు పెంచింది.

తర్వాతి సంగతి నాకు మా ఆమె చెప్పింది. డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, మాట్లాడినారమ్మా, నరానికేమీ కాలేదు అనిందంట. మా ఆమె లేచి నిలబడి, గొంతు ఎట్లుండాది అని అడిగిందంట. కొంచెం సన్నగా ఉంది, అదే సర్దుకుంటుంది అనిందంట డాక్టరమ్మ. మా ఆమె ముఖం తేటపడలేదు. ఏమన్నాడు అని అడిగిందంట.

"నొప్పి లేదన్నారు. కాళ్ళు రెండూ వణుకుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, నొప్పి అస్సలు లేదన్నారు."

అప్పుడు మా ఆమె బెంచీ మీద కూర్చుందంట.

"అయితే మా ఆయనే" అనిందంట.